నెల్లూరు తీరంలో గోబర్ గ్యాస్: ఎవరి ఇంటికి, ఏ లెక్కన

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో నాలుగు గొడ్లున్న రైతు ఇంట్లో వంట రెండు చోట్ల నడుస్తుంది. కాఫీ, కూర, పిల్లల టిఫిన్ వంటింట్లో సిలిండర్ మీద. స్నానాల నీళ్లు, పండక్కో చుట్టాలొచ్చినప్పుడో పెద్ద గిన్నెల అన్నం, మట్టి దాకలో చేపల పులుసు పెరట్లో కట్టెల పొయ్యి మీద. ఇంకో పొయ్యిని నడపగల ఇంధనం కొట్టం వెనక దిబ్బలో పేడ రూపంలో ఊరికే పడి ఉంటుంది. ఆ పేడతో వంట ఎందుకు చేసుకోకూడదని మన దేశంలో డెబ్బై ఎనభై ఏళ్లుగా అడుగుతున్నారు. ప్రభుత్వాలు సబ్సిడీలిచ్చాయి, ఇంజనీర్లు నమూనాలు మార్చారు, స్వచ్ఛంద సంస్థలు ఊరూరా గోబర్ గ్యాస్ తొట్లు కట్టించాయి. వాటిలో కొన్ని ఈనాటికీ నీలిమంట ఇస్తున్నాయి. చాలా తొట్లు మాత్రం మట్టి నిండి, పైన కోళ్లు తిరిగే దిమ్మెలుగా మిగిలాయి.

ఈ రెండు రకాల తొట్లకూ తేడా ఎక్కడ వచ్చిందో వెతకడమే ఈ సమీక్ష పని. నా నిర్ణయం ముందే చెబుతాను. గోబర్ గ్యాస్ అందరికీ పనికొచ్చేది కాదు. కొన్ని రకాల ఇళ్లకు మాత్రం దానికి మించిన వంట ఇంధనం లేదు. ఆ ఇళ్లేవో తేల్చుకోకుండా లక్ష్యాల లెక్క కోసం కట్టిన తొట్లే దానికి చెడ్డపేరు తెచ్చాయి.

పొగ మాట

వంట పొగను మన ఇళ్లలో ఎవరూ జబ్బుగా చూడలేదు. పొయ్యి దగ్గర కళ్లు మండటం, దగ్గు రావడం ఆడవాళ్ల బతుకులో భాగమన్నట్టే గడిచిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇంట్లోని ఈ పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారు. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలుతో వండుకునేవాళ్లు ఇంకా 210 కోట్ల మంది ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బు, గుండెజబ్బు, పసిపిల్లల న్యుమోనియా, కళ్ల శుక్లాలు, వీటన్నిటికీ ఈ పొగతో సంబంధం ఉంది. మన దేశంలో వంటకు శుభ్రమైన ఇంధనం వాడే కుటుంబాలు 58.6 శాతమని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క తేల్చింది.

నెల్లూరు తీరానికి ఇందులో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇక్కడ వానలో పెద్ద పాలు ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టి ఉంటుంది. ఆ రెండు మూడు నెలలు చిల్లకంప, సరుగుడు కొమ్మలు తడిసి నానుతాయి. తడి కట్టె ఎండు కట్టెకన్నా ఎన్నో రెట్లు పొగ చిమ్ముతుంది. వానకు పెరట్లో వండే వీలుండదు కాబట్టి పొయ్యి వరండాలోకో, వంటింట్లోకో వస్తుంది. ఏడాది మొత్తంలో పొగ బాధ పరాకాష్ఠకు చేరేది అప్పుడే.

ఇక్కడ ఒక నిజాన్ని దాచకుండా చెప్పాలి. శుభ్రమైన ఇంధనం ఇస్తే ఆరోగ్యం వెంటనే బాగుపడుతుందన్న నమ్మకాన్ని హాపిన్ అనే పెద్ద పరిశోధన పరీక్షించింది. గ్వాటెమాలా, పెరూ, రువాండాలతో పాటు మన పక్కనే తమిళనాట విల్లుపురం, నాగపట్నం ప్రాంతాల్లో మొత్తం 3,200 మంది గర్భిణుల మీద అది జరిగింది. సగం మందికి ఎల్పీజీ పొయ్యి, ఉచిత గ్యాస్ ఇచ్చారు. వాళ్లు పీల్చే పొగ బాగా తగ్గింది. అయినా పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో ఫలితాలు వెలువడ్డాయి. పసిపిల్లల న్యుమోనియాలోనూ తేడా కనిపించలేదని తర్వాతి ఫలితాలు చెప్పాయి. పొయ్యి మార్చడం వృథా అని దీనికి అర్థం కాదు. ఏళ్ల తరబడి పీల్చిన పొగ, పక్కింటి పొగ, రోడ్డు మీది దుమ్ము కొన్ని నెలల మంచి మంటతో చెరిగిపోవని నేను అర్థం చేసుకున్నాను. కాబట్టి ఒక తొట్టి కట్టి బిడ్డల ప్రాణాలు కాపాడామని ప్రచారం చేసుకోవడం తగదు. కళ్లు మండకపోవడం, గిన్నెలు మసిబారకపోవడం, కట్టెల కోసం తిరిగే పని తప్పడం, వానాకాలంలోనూ పొద్దున్నే పొయ్యి వెలగడం చిన్న లాభాలేమీ కాదు. వాటికోసమైనా ఇది చేయదగిన పనే.

తొట్టి ఎలా వచ్చింది

సేంద్రియ వ్యర్థం నుంచి మండే వాయువు తీయడం మన దేశానికి 1897లోనే తెలుసు. బొంబాయి మాటుంగాలో కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు నుంచి గ్యాస్ తీశారు. 1939 నాటికి ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్.వి.దేశాయ్ పేడతో ప్రయోగాలు చేశారు. తర్వాత జష్‌భాయ్ పటేల్ ఇనప డ్రమ్ము తేలే నమూనాను రైతు ఇంటికి సరిపోయేలా తీర్చారు. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ దాన్ని 1960ల మొదట్లో చేపట్టి దేశమంతా పరిచయం చేసింది. గ్యాస్ చేరేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, వాడేకొద్దీ దిగుతుంది. ఎంత గ్యాస్ ఉందో ఇల్లాలికి కంటితోనే తెలుస్తుంది. సులువైన ఏర్పాటే, కానీ ఇనుము ఖరీదు, పైగా తుప్పు.

సముద్రపు గాలికి మైపాడు దగ్గర కిటికీ ఊచలే నిలవవు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, బయట ఉప్పుగాలి పట్టిన డ్రమ్ముకు ఏటేటా రంగు వేయకపోతే కొన్నేళ్లకే చిల్లులు పడతాయి. ఆ కష్టం తీర్చడానికే ఇటుక గుమ్మటపు నమూనాలు వచ్చాయి. 1978లో ఉత్తరప్రదేశ్‌లో 'జనతా', 1984లో ఆఫ్‌ప్రో సంస్థ రూపొందించిన 'దీన్‌బంధు'. దీన్‌బంధులో ఇనుము దాదాపు లేదు. అంతా ఇటుక, సిమెంటు, మేస్త్రి నైపుణ్యం. ఖర్చు తగ్గింది కానీ భారమంతా మేస్త్రి చేతి మీద పడింది. గుమ్మటం లోపలి పూతలో వెంట్రుకవాసి పగులు ఉన్నా గ్యాస్ నిలవదు. పగులు ఎక్కడుందో బయటికి కనపడదు.

1981-82లో జాతీయ బయోగ్యాస్ ప్రాజెక్టు మొదలైంది. మన రాష్ట్రంలో 1986లో ఏర్పడిన సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్, ఇప్పటి ఎన్ఆర్ఈడీక్యాప్, ఈ బాధ్యత చూస్తూ వచ్చింది. పథకం పేర్లు మారుతూ వచ్చాయి. దేశం మొత్తం మీద ఇప్పటిదాకా కట్టినవి సుమారు 50 లక్షల తొట్లు. చదవడానికి పెద్ద అంకె. 2019 లెక్క ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు 19 కోట్ల పైన, గేదెలు దాదాపు 11 కోట్లు ఉన్నాయని గుర్తు చేసుకుంటే అది ఎంత కొద్దో తెలుస్తుంది.

ఒక రోజు పేడ, ఒక రోజు వంట

కిలో పచ్చి పేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. అందులో 55 నుంచి 65 శాతం మీథేన్, మిగతాది చాలావరకు బొగ్గుపులుసు వాయువు. మనిషికి రోజువారీ వంటకు పావు ఘనపు మీటరు గ్యాస్ కావాలన్నది పాత లెక్క. ఆరుగురి ఇంటికి ఒకటిన్నర ఘనపు మీటర్లు, కాస్త వెసులుబాటు చూసుకుంటే రెండు. అందుకే 'రెండు క్యూబిక్ మీటర్ల ప్లాంటు' ఊళ్లలో వాడుక మాట అయింది. దానికి రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి.

ఈ 50 కిలోల దగ్గరే అసలు చిక్కు. గేదె రోజుకు 15 కిలోలు, ఆవు 10 కిలోలు పేడ వేస్తుందని పుస్తకాలు చెబుతాయి. కానీ పొద్దున విప్పి సాయంత్రం కట్టేసే గొడ్డు సగం పేడను పొలంలో, కాలవగట్టు మీద వదిలేస్తుంది. కొట్టంలో దొరికేది రాత్రి పేడే. కాబట్టి కట్టేసి మేపే పాడి బర్రెలు మూడు నాలుగు ఉన్న ఇంటికి ఈ తొట్టి సరిపోతుంది. బయట మేసేవైతే ఆరేడు కావాలి. రెండు బర్రెలున్న ఇంటికి ఒక ఘనపు మీటరు తొట్టి చాలు. అది రెండు పూటల వంట మొత్తాన్ని మోయలేదు, ఒక పూటను నమ్మకంగా మోస్తుంది. చాలామంది ఇంట్లో మనుషులను లెక్కపెట్టి తొట్టి కట్టించారు. లెక్కపెట్టాల్సింది కొట్టంలోని తలలను.

సిలిండర్‌తో పోలిస్తే లెక్క ఇలా ఉంటుంది. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ సుమారు 430 గ్రాముల ఎల్పీజీతో సమానం. రెండు ఘనపు మీటర్ల తొట్టి నిండుగా పనిచేస్తే 14.2 కిలోల సిలిండర్ ఇచ్చేంత వేడి పదహారు పదిహేడు రోజుల్లో ఇస్తుంది. ఏడాదికి ఇరవైకి పైగా సిలిండర్లు! ఇది కాగితం మీది లెక్క. చూలు బర్రెను అమ్మేసిన నెలలు, ఊరెళ్లిన రోజులు, పేడ కలపని పూటలు తీసేస్తే సగమైనా చేతికి వస్తుంది. అంటే పది సిలిండర్లు. ఏ రైతు ఇంటికైనా అది లెక్కలోకి వచ్చే డబ్బే.

వాతావరణం విషయంలో మన తీరం అదృష్టవంతురాలు. పేడను పులియబెట్టే సూక్ష్మజీవులు 35 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉంటాయి. హిమాలయాల దగ్గర చలికి గ్యాస్ పడిపోతుంది కాబట్టి పేడను 55 రోజులు లోపల ఉంచేంత పెద్ద తొట్టి కట్టాలి. ఆంధ్రలో 30 నుంచి 40 రోజులు చాలు. తొట్టి చిన్నదవుతుంది, ఖర్చు తగ్గుతుంది. నెల్లూరు ఎండ మనిషిని ఎంత బాధ పెట్టినా తొట్టికి మేలే చేస్తుంది.

నీరు, ఇసుక, ఉప్పు

ఎండ ఇచ్చిన మేలును నీరు తీసేసుకుంటుంది. పెన్న డెల్టా దిగువన, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల లోపల, వానాకాలంలో నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు పడే చోట్లున్నాయి. దీన్‌బంధు తొట్టి భూమిలో పాతేది. తవ్వేటప్పుడే ఇసుక గోడలు జారతాయి. కట్టాక చుట్టూ నీటిమట్టం పెరిగితే కింది నుంచి ఒత్తిడి పడి అడుగు పగులుతుంది. ఖాళీగా ఉన్న తొట్టి అయితే పైకి లేచే ప్రమాదం కూడా ఉంది. మెట్ట ప్రాంతమైన ఉదయగిరి వైపు నిక్షేపంగా నిలిచిన నమూనానే మైపాడు ఇసుకలో విఫలమైతే తప్పు నమూనాది కాదు, నేలను చూడకుండా దించినవాళ్లది. ఇలాంటి చోట నేలమట్టం మీద సగం లేపి చుట్టూ మట్టి కప్పిన తొట్టి గానీ, ఫైబర్ గ్లాస్ తొట్టి గానీ, నేల మీదే పరిచే గట్టి ప్లాస్టిక్ సంచీ నమూనా గానీ పెట్టాలి. ఇవి తుప్పు పట్టవు. ప్లాస్టిక్ సంచీకి ఎండ, ఎలుక, ముల్లు శత్రువులు. నీడ, కంచె తప్పవు.

రెండోది ఉప్పు. రోజుకు 50 లీటర్ల నీళ్లంటే ఇంటికి రెండు మూడు బిందెలు. తీరంలో చాలా బోర్లలో వేసవికి నీరు చవ్వగా మారుతుంది. రొయ్యల చెరువులు వచ్చాక పక్క పొలాల బావులు ఉప్పెక్కాయన్న గొడవ 1990ల నుంచీ ఉంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన జగన్నాథ్ కేసు తీర్పు వెనక ఉన్న వేదన అదే. లీటరు నీటిలో సోడియం మూడున్నర గ్రాములు దాటితే మీథేన్ చేసే జీవులు మందగించడం మొదలవుతుంది. సముద్రపు నీటిలో అది పదిన్నర గ్రాముల పైమాటే. కాస్త చవ్వనీళ్లను తొట్టి తట్టుకుంటుంది, చెరువు నుంచి ఊరిన ఉప్పునీటిని తట్టుకోలేదు. కాలవ నీరు, ఇంటి కప్పు మీద పట్టిన వాన నీరు ఉన్నవాళ్లకు ఈ బెడద లేదు. గొడ్ల మూత్రాన్ని నీళ్లలో కలిపితే మంచినీటి ఖర్చు కొంత తగ్గుతుంది. సబ్బు నీళ్లు, ఫినాయిల్ కడిగిన నీళ్లు మాత్రం తొట్టిలోకి పోనివ్వకూడదు.

మూడోది తుపాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును ఆ తరం ఇంకా తలుచుకుంటుంది. 2015 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ వానలు నిన్నమొన్నటివి. వరద నీరు తొట్టిలోకి పోతే లోపలి పులియబెట్టే ద్రవమంతా పలచబడి కొట్టుకుపోతుంది. మళ్లీ మంట రావడానికి వారాలు పడుతుంది. పేడ పోసే గూడు, బయటికి వచ్చే గూడు వరద మట్టానికి పైన ఉండేలా కట్టడం ఒక్కటే దీనికి మందు. రెండు వరసల ఇటుక ఎక్కువ పట్టే పని. ఆ రెండు వరసలకు సబ్సిడీ పట్టికలో చోటు లేకపోవడం వల్లే చాలాచోట్ల మానేస్తారు.

గొడ్డు ఉన్నవాళ్లు, లేనివాళ్లు

బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో అత్యధిక భాగాన్ని 'నెలోర్' జాతి అంటారు. మన ఒంగోలు గిత్తే అది. పందొమ్మిదో శతాబ్దం నుంచి ఓడల్లో అక్కడికి చేరి మన జిల్లా పేరుతో స్థిరపడింది. జిల్లా పేరు మోసే పశువులు అక్కడ కోట్లలో ఉన్నాయి. ఇక్కడ ట్రాక్టరు, వరికోత యంత్రం వచ్చాక కాడెద్దులు దాదాపు కనుమరుగయ్యాయి. మిగిలింది పాడి బర్రె. అది పాల ధరను బట్టి ఇంట్లోకి వస్తుంది, బయటికి పోతుంది. నాలుగు బర్రెలున్న ఇంట్లో రెండేళ్లకు ఒక్కటే మిగలొచ్చు. పదిహేను ఇరవై ఏళ్లు మన్నే తొట్టిని అలాంటి నిలకడలేని మంద మీద ఆధారపెట్టి కడుతున్నామని అధికారులూ రైతులూ ఇద్దరూ గ్రహించాలి.

తీరంలో గొడ్డే లేని ఇళ్లు చాలా ఉన్నాయి. పట్టపు కుప్పాల్లో వలలుంటాయి, బర్రెలుండవు. రాష్ట్రంలో యానాదులు ఎక్కువగా ఉన్నది ఈ జిల్లాలోనే. వాళ్లలో చాలామందికి ఇంటి స్థలమే గట్టిగా లేదు, తొట్టి మాట దేవుడెరుగు. కౌలు రైతుకు బర్రెలున్నా ఒక్కోసారి పెరడు తనది కాదు. పొగ ఎక్కువగా పీల్చేది ఈ ఇళ్లే. గోబర్ గ్యాస్ వీళ్లకు అందదు. వీళ్లకు సిలిండరే దారి. కాబట్టి గోబర్ గ్యాస్‌ను పేదల పథకంగా చెప్పుకోవడం సరికాదు. ఇది చిన్న, మధ్యతరగతి పాడి రైతు పథకం. అలా ఒప్పుకుంటే దానికి తగ్గట్టు నడపొచ్చు.

ఊరందరికీ కలిపి ఒకే తొట్టి కడితే పోలేదా అని కొందరంటారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి బృందం తుమకూరు జిల్లా పూర గ్రామంలో ఆ ప్రయోగం చేసింది. ఇంటింటి పేడ తెచ్చి పోస్తే అందరి వంటకూ గ్యాస్ చాలలేదు. 1987 నుంచి అదే గ్యాస్‌తో ఇంజన్ నడిపి ఇళ్లకు మంచినీళ్లు, దీపాలు ఇచ్చారు. పేడ తెచ్చినవాళ్లకు డబ్బు, తిరిగి స్లర్రీ (గ్యాస్ పోయాక మిగిలే పేడ ద్రవం) ఇచ్చారు. అది బాగా నడిచింది. దాన్నుంచి నాకు అర్థమైంది ఏమంటే, వంట పొయ్యికి ఇంటి తొట్టే నయం. ఊరి తొట్టి వేరే పనులకు.

స్లర్రీ: సగం విలువ అక్కడే

గోబర్ గ్యాస్ గురించి మాట్లాడేవాళ్లు మంట దగ్గర ఆగిపోతారు. రైతుకు రెండో లాభం బయటికి వచ్చే స్లర్రీ. గ్యాస్‌గా పోయేది ప్రధానంగా కర్బనం. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అన్నీ స్లర్రీలోనే నిలుస్తాయి. పైగా నత్రజనిలో కొంత మొక్క వెంటనే తీసుకునే అమ్మోనియా రూపంలోకి మారుతుంది. దిబ్బలో నెలల తరబడి ఎండకు, వానకు పడి ఉండే పేడ పోషకాల్లో పెద్ద భాగం పోగొట్టుకుంటుంది. ముసురు వానలకు దిబ్బ నుంచి కారి కాలవలో కలిసే నల్లనీళ్లు రైతు డబ్బే. ఇసుక కలిసిన తీరపు నేలలకు సేంద్రియ పదార్థం ఎంత అవసరమో సరుగుడు తోటలు, వేరుశనగ వేసేవాళ్లకు చెప్పనక్కరలేదు.

స్లర్రీతో ఇబ్బందీ ఉంది. అది పలచన. తట్టలో ఎత్తి బండిలో వేసుకుపోలేం. పెరటికి ఆనుకుని నారుమడో, కూరల మడో, గడ్డి మడో ఉంటే కాలవ తీసి పారించుకోవచ్చు. పొలం రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే గుంటలో ఎండుగడ్డి, చెత్తతో కలిపి ఆరబెట్టి మోయాలి. యంత్రాలతో కోసిన వరి పొలాల్లో చెల్లాచెదురుగా పడే గడ్డిని ఇందుకు వాడితే రెండు పనులూ తీరతాయి. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం విస్తరించింది. జీవామృతానికి ఎకరాకు పది కిలోల పేడ కావాలి. పేడకు పోటీ వస్తుందేమోనని కొందరి భయం. పది కిలోలు ఒక బర్రె ఒక రోజు పేడ కూడా కాదు. రెండూ కలిసి నడవగలవు. ప్రకృతి వ్యవసాయ కార్యకర్తలు ఊళ్లో తిరిగేటప్పుడు గోబర్ గ్యాస్ మాట కూడా ఎత్తితే రెండు శాఖల పని ఒకరితో అయిపోతుంది. ఇప్పటికీ అవి రెండూ రెండు ఫైళ్లుగానే ఉన్నాయి.

ఎందుకు ఆగిపోతాయి

ఆగిపోయిన తొట్టి వెనక పెద్ద సాంకేతిక రహస్యాలేమీ ఉండవు. పైపులో నీరు చేరి గ్యాస్ రాదు. ఆ నీటిని వదిలే చిన్న కుళాయి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రబ్బరు గొట్టం చీలింది, కొత్తది ఎక్కడ దొరుకుతుందో తెలియదు. బర్నర్ రంధ్రాలు మసిపట్టాయి. ఎల్పీజీ పొయ్యికే ఈ గ్యాస్ పెట్టి చూశారు, మంట నిలవలేదు. గోబర్ గ్యాస్ ఒత్తిడి తక్కువ, వేడి తక్కువ, దానికి వేరే బర్నర్ కావాలి. పేడలో గడ్డిపోచలు తీయకుండా పోయడంతో పైన తెట్టె కట్టింది. రెండు వారాలు ఊరెళ్లారు, తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేకపోయింది. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. పిలిస్తే వచ్చే మనిషి లేకపోవడమే తొట్టిని చంపుతుంది.

ఇంకొకటి, ఇంట్లో పని ఎవరి మీద పడుతుందన్నది. రోజూ అరగంట పేడ, నీళ్లు కలిపి, పోచలు ఏరి, గూట్లో పోయాలి. తొట్టి కట్టించాలని నిర్ణయించేది మగవాళ్లు, కలిపేది ఆడవాళ్లు. మన వాకిళ్లలో పేడ కల్లాపి చల్లే అలవాటు ఉండటం వల్ల పేడంటే అసహ్యం లేదు, అది మన అదృష్టం. కానీ కట్టె కోసం తిరిగే పని తప్పి, దాని స్థానంలో పేడ పిసికే పని వస్తే ఆమెకు మిగిలిందేమిటి? కాలితో తిప్పే చిన్న కలిపే యంత్రం, కొట్టం నుంచి గూటికి వాలుగా సిమెంటు కాలవ ఉన్న ఇళ్లలో తొట్లు ఎక్కువ కాలం బతుకుతాయి. కొట్టం కడిగిన నీటితోనే పేడ గూట్లోకి జారుతుంది. తొట్టి కట్టే ముందు ఆ ఇంటి ఇల్లాలిని అడగాలి. ఎక్కడ కట్టాలో కూడా ఆమే చెప్పాలి.

నేపాల్ అనుభవం ఇక్కడ చూడదగింది. 1992లో డచ్చి సాయంతో మొదలైన బయోగ్యాస్ కార్యక్రమం అక్కడ మూడు లక్షలకు పైగా తొట్లు కట్టింది. సబ్సిడీ అందరూ ఇచ్చేదే. వాళ్లు అదనంగా చేసింది, ఒకే నమూనాను ఖాయం చేసి, కట్టిన కంపెనీ నుంచి ఏళ్ల గ్యారంటీ రాయించుకుని, ఇళ్లకు వెళ్లి మచ్చుకు తనిఖీ చేసి, లోపాలుంటే కంపెనీకి జరిమానా వేయడం. చైనా దారి ఇంకొకటి. 1970లలో లక్షల తొట్లు హడావిడిగా కట్టి చాలావాటిని పోగొట్టుకుంది. తర్వాత మంచివి కట్టి నాలుగు కోట్ల ఇళ్ల దాకా వెళ్లింది. ఇప్పుడు పల్లెలు ఖాళీ అవుతుంటే, పందుల పెంపకం పెద్ద ఫారాలకు పోతుంటే అవి మూతపడుతున్నాయి. పల్లె జీవితం మారితే తొట్టి నిలవదని అంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

మనకు దగ్గరిది బాగేపల్లి. కర్ణాటకలో ఉన్నా ఊళ్లలో వినపడేది తెలుగే. అక్కడి కూలీ సంఘం ద్వారా ఆడాట్స్ సంస్థ 5,500 ఇళ్లకు రెండు ఘనపు మీటర్ల తొట్ల ప్రాజెక్టును 2005లో ఐక్యరాజ్యసమితి కార్బన్ క్రెడిట్ల విధానంలో నమోదు చేయించింది. కట్టె, కిరసనాయిలు మానేసినందుకు వచ్చే క్రెడిట్లు అమ్మి తొట్ల ఖర్చు రాబట్టాలన్నది ఆలోచన. నాకు ఇందులో విలువైనదిగా తోచింది డబ్బు కన్నా షరతు. తొట్టి మండిన రోజులకే క్రెడిట్ వస్తుంది, మండని రోజులకు రాదు. అందువల్ల ఏ ఇంట్లో ఏ రోజు మంట ఆగిందో సంఘం ఆరా తీయక తప్పదు. సర్కారు సబ్సిడీలో ఆ షరతు ఎన్నడూ లేదు. కట్టిన రోజు ఫొటో తీసి, బిల్లు పెట్టి, ముగిస్తారు.

డబ్బు ఎటు పోతోంది

2022 నవంబరులో కేంద్రం జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం ప్రకటించింది. మొదటి దశకు 858 కోట్లు. అందులో ఇంటి, మధ్యతరహా బయోగ్యాస్ తొట్ల వాటా 100 కోట్లు మాత్రమే. తొట్టి పరిమాణాన్ని బట్టి 9,800 నుంచి 70,400 రూపాయల దాకా సాయం. మన రాష్ట్రంలోనే 2024 నవంబరులో రిలయన్స్‌తో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లకు 65,000 కోట్ల పెట్టుబడి ఒప్పందం జరిగింది. 2025 ఏప్రిల్‌లో మన పక్కనే కనిగిరి దగ్గర దివాకరపల్లిలో తొలి ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీస్తారు. అది మంచిదే కావచ్చు. కానీ ఆ గ్యాస్ వాహనాలకు, పరిశ్రమలకు పోతుంది. పల్లె పెరట్లో కట్టె పొయ్యి దాని వల్ల ఆరదు.

సిలిండర్ పథకాలు పెద్ద మేలు చేశాయి, కాదనను. 1999లో దీపం, 2016లో ఉజ్వల లేకపోతే ఈ తీరంలో పొగ ఇంకా ఎంతో ఉండేది. 2024 నవంబరు నుంచి రాష్ట్రం దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది. అయితే దేశం మొత్తం మీద ఉజ్వల ఇళ్లు 2023-24లో సగటున నాలుగు సిలిండర్లకు మించి వాడలేదు. ఐదుగురి ఇంటికి వంటంతా గ్యాస్ మీదే చేయాలంటే ఏడెనిమిదైనా కావాలి. మిగతా వంట ఎక్కడ నడుస్తోందో వేరే చెప్పనక్కరలేదు. పైగా మనం వాడే ఎల్పీజీలో సుమారు 60 శాతం దిగుమతి. స్నానాల నీళ్లకు, పశువుల కుడితికి, పెద్ద గిన్నెలకు సిలిండర్ ఎవరూ వాడరు, ఖర్చు కాబట్టి. ఆ పనులకే గోబర్ గ్యాస్ సరిపోతుంది. పూట లెక్కన అయిపోతుందన్న భయం లేదు, రేపు మళ్లీ వస్తుంది. సిలిండర్‌తో పోటీ పడే వస్తువుగా కాక, కట్టె పొయ్యిని దించే వస్తువుగా చూస్తే దానికి ఇంట్లో చోటు దొరుకుతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు చెప్పాలి. కారే తొట్టి మేలు చేయదు. ఇరవై ఏళ్ల కాలంలో చూస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. మండిస్తే పుణ్యం, వదిలేస్తే కీడు. రెండోది ప్రాణాల మాట. తొట్టి శుభ్రం చేయడానికి ఎవరూ ఒంటరిగా, గాలి ఆడకుండా లోపలికి దిగకూడదు. అందులో పేరుకున్న వాయువు మనిషిని నిమిషాల్లో చంపగలదు.

పేడ చాలని ఇళ్లకు కూడా కొంత దారి ఉంది. పుణెలో ఆనంద్ కర్వే నడిపిన ఆర్టీ సంస్థ వంటింటి వ్యర్థంతో నడిచే చిన్న తొట్టిని రూపొందించి 2006లో యాష్‌డెన్ బహుమతి పొందింది. గంజి, పాడైన అన్నం, పిండి పదార్థం పేడ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గ్యాస్ ఇస్తాయి. పేడతో నిలకడగా నడుస్తున్న తొట్టిలో కొద్దికొద్దిగా ఇవి కలిపితే ఒక బర్రె లోటు పూడుతుంది. ఒక్కసారిగా పోస్తే పులిసి ఆమ్లమై తొట్టి చెడుతుంది. నిమ్మకాయల వ్యర్థం మాత్రం వద్దు.

ఇక చేయవలసినవి. రాష్ట్ర సంస్థ ఈ జిల్లాలో ఏటా ఎన్ని కట్టామన్న పట్టిక పక్కన, కట్టి మూడేళ్లయినవాటిలో ఎన్ని మండుతున్నాయన్న పట్టిక కూడా వేయాలి. సబ్సిడీలో మూడో వంతును మూడో ఏడాది మంట చూశాకే ఇవ్వాలి. మండలానికి ఇద్దరు మేస్త్రీలకు మరమ్మతు పని నేర్పి, పొదుపు సంఘాల ద్వారా ఏటా కొంత రుసుము ఇప్పించాలి. పాల కేంద్రాలకు ఏ ఇంట్లో ఎన్ని పాడి బర్రెలు ఎన్నేళ్లుగా ఉన్నాయో తెలుసు. ఇల్లు ఎంచుకునే పని వాళ్ల పుస్తకం చూసి చేయాలి. తీర మండలాలకు వేరే నమూనా, వరద మట్టానికి పైన గూడు తప్పనిసరి చేయాలి.

చదివే రైతుకు ఒక మాట. మీ కొట్టంలో మూడు బర్రెలు ఐదేళ్లుగా నిలిచి ఉంటే, వాటిని కట్టేసి మేపుతుంటే, పెరడు మీదైతే, వేసవిలోనూ చవ్వ లేని నీరు రెండు మూడు బిందెలు మిగులుతుంటే, పిలిస్తే వచ్చే మేస్త్రి పది కిలోమీటర్లలో ఉంటే, తొట్టి కట్టించుకోండి. వీటిలో ఒక్కటి లేకపోయినా సబ్సిడీ వస్తుందని మాత్రం కట్టించుకోవద్దు.